మౌన సభలో కదిలిన పెదవులు

ప్లెజెంట్ ఫోర్క్, అయోవా
రెండో నెల 11, 1979

లార్నా అక్కా,

నువ్వు పంపిన పొగబెట్టిన చేప అందింది. పార్సిల్ పోస్టాఫీసులో ఉన్నన్నాళ్ళూ ఊళ్ళో కుక్కలన్నీ ఆ గుమ్మం దగ్గరే కాపలా కాశాయట. ఉడికించిన బంగాళాదుంపలతో తిన్నాను, బాగుంది. బావకి చెప్పు.

ఎలా ఉన్నావని అడిగావు. ఉన్నాను. ఆసా పోయి, నేను విధవనై ఎనిమిది నెలలు కావస్తోంది. కనిపించిన ప్రతి ఒక్కరూ ఒకటే మాట చెబుతున్నారు: సభలో కూర్చో ఫీబీ, మనసు దానంతటదే తేటపడుతుంది అని. కూర్చుంటూనే ఉన్నాను. మనసు ఖాళీ కావాలంటే ముందు ఇల్లు ఖాళీ చెయ్యమని సభలో హల్దా అంటే అదీ చేశాను. ఆసా బూట్లు, కోట్లు ఇచ్చేశాను. అటక ఊడ్చాను. పేపరు మానేశాను, రేడియోని బీరువాలో పెట్టి తలుపేశాను, కాఫీ మానేసి వేణ్ణీళ్ళు తాగుతున్నాను. మానెయ్యగలిగినవన్నీ మానేశాక ఇంట్లో నేనూ నా తలకాయా మిగిలాం. అది మాత్రం సంతలా ఉంది.

వారమంతా ఆ ఒక్క గంట కోసమే కాచుకుంటాను. నువ్వు ఆదివారం అంటావు, మేమింకా మొదటిరోజు అనే అంటున్నాం. మన సభలో ఫాదిరీ లేడు, పాటల్లేవు. బల్లల మీద మౌనంగా కూర్చోవడం, లోపల్నించి మాట తోసుకొస్తే లేచి చెప్పడం, రాకపోతే నోరు మూసుకోవడం. మన మతమంతా ఇంతే కదా. ఇంత చిన్న మతం కూడా వెండెల్‌కి పట్టుబడలేదు.

వెండెల్ స్ట్రాటన్ నీకు గుర్తుండే ఉంటాడు. విత్తనాల గోదాం నడిపేవాడు, మనకంటే బాగా పెద్ద. ఈ మధ్యే గోదాం మూసేశాడు, మూసేసి నోరు తెరిచాడు. నాలో బురద కాస్త అడుక్కి దిగుతోంది అనుకునే వేళకి సరిగ్గా వెనక బల్ల కిర్రుమంటుంది. ఇవాళ్టి సంగతి మురుగు తూము. 'నిన్న మా ఇంటెనక తూములో నీళ్ళు గడ్డకట్టాయి. మరిగే నీళ్ళు పోశాను, కరగలేదు. అప్పుడనిపించింది నాకు, దేవుడు మన తూముల్లో ఎన్ని వేణ్ణీళ్ళు పోస్తున్నాడో పాపం అని.' అక్కడితో కూర్చున్నా బాగుండేది. ఆ తూము ఎవరు వేశారు, వేసినవాడి బావమరిది ఇప్పుడెక్కడ ఉంటున్నాడు, అన్నీ చెప్పాడు. ఆ తరవాత గంట పూర్తయ్యేదాకా నా బుర్రలో తూము తప్ప ఇంకోటి లేదు.

ఎవరూ ఏమీ అనరు. హల్దా ఇప్పుడు సభకి పెద్ద, చెబితే ఆమే చెప్పాలి. అడిగితే, 'వెలుగు ఎవరిలోంచి ఏ రూపంలో వస్తుందో మనకేం తెలుసు ఫీబీ' అంటుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

అందుకని తేట కమిటీ అడగబోతున్నాను. ఈ సభలో ఉండనా, లేక మానేసి మెయిన్ వీధిలో ఆర్గన్ వాయించే చర్చికి పోనా అన్నది తేల్చుకోవాలి. అక్కడ కనీసం నిశ్శబ్దం దొరుకుతుందని ఎవరూ ఆశ పెట్టరు. వారానికి ఒక్క గంటైనా మనసు నిలవకపోతే నాకు పిచ్చెక్కేలా ఉందక్కా. ఇది ఊరికే అంటున్న మాట కాదు.

నీ చెల్లెలు
ఫీబీ

డులూత్, మిన్నెసోటా
మార్చి 2, 1979

ఫీబీ,

ఇది మార్చి. మూడో నెల కాదు. నెలలకి రోమను దేవుళ్ళ పేర్లు ఉన్నాయని నాన్న వాటికి నంబర్లు వేశాడు, నువ్వు ఇప్పటికీ వేస్తున్నావు. ఆ దేవుళ్ళు నిన్నేం చెయ్యరు. వాళ్ళకి ఇప్పుడు పనేం లేదు.

ఇక్కడ సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది. ఓడలు కదలవు, కాబట్టి ఓడ కూలీలంతా పొద్దున్నించి సాయంత్రం దాకా మా హోటల్లోనే. సూపు గిన్నెల మోత, మీ బావ గస్ అరుపులు, ఆ అరుపుల మీద నా అరుపులు. ఇంత గోలలో నాకు ఎప్పుడూ మనసు నిలవలేదన్న బెంగ రాలేదు. నిలవాల్సిన అవసరమేంటో కూడా నాకు తెలీదు.

వెండెల్ సంగతి నాకొదిలెయ్యి. 'బాబూ, కూర్చో' అని ఒక కార్డు ముక్క రాసి పడేస్తాను. ముప్పై ఏళ్ళుగా కూలీలకి నేను చెబుతున్నది అదే, ఎవడూ చావలేదు. నువ్వే ఎందుకు చెప్పవు? పక్క పక్కనే కోట్లు తగిలించుకునే మనుషులు. 'వెండెల్, నీ తూము సంగతి నాకొద్దు' అనడానికి ఎంతసేపు పడుతుంది?

తేట కమిటీ అంటే ఏంటని గస్ అడిగాడు. చెప్పాను: మనసులో ఏదైనా తేలక కొట్టుకుంటుంటే సభలో ముగ్గురో నలుగురో మన ఎదురుగా కూర్చుంటారు, ప్రశ్నలు మాత్రమే అడుగుతారు, సలహా ఇవ్వకూడదు, ఇలా చేస్తే బాగుంటుందేమో అని కూడా అనకూడదు, జవాబు మనలోంచే రావాలి అని. గస్ గరిటె పట్టుకుని ఆలోచించి, 'మా గ్రీసులో ఆ పని పోలీసులు చేస్తారు' అన్నాడు.

నవ్వావా? నవ్వి ఉండవు.

మీ మౌనం నాకు చిన్నప్పట్నించీ పడదు. ఆసా సంస్మరణ సభలో ఏమైంది చూడు. ఎంతసేపు కూర్చున్నాం అలా, ఒక్క ప్రాణి లేవలేదు. నేను లేచి ఆ కారు కథ చెప్పకపోతే ఇప్పటికీ అక్కడే కూర్చుని ఉండేవాళ్ళం. ఎంత నవ్వారు అందరూ. నవ్వాకే కదా చాలామందికి కన్నీళ్ళొచ్చాయి. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని, మంచి పని చేశావు లార్నా అని ఎంతమంది అన్నారో.

జూన్‌లో ఆసాకి ఏడాది. నేను వస్తాను. మేడ మీద గది కాస్త దులిపించి ఉంచు.

అక్క
లార్నా

ప్లెజెంట్ ఫోర్క్
నాలుగో నెల 8

అక్కా,

ఉత్తరం అందింది. ఇక్కడ మంచు కరిగింది. రోడ్డంతా బురద. పెరట్లో రూబార్బ్ మొక్క మొలకలు వేసింది.

నా నెత్తిన నేనే నిప్పులు పోసుకున్నాను. జరిగింది చెబుతాను, నీకు నవ్వుకోవడానికి పనికొస్తుంది.

ఇవాళ మౌనం అయ్యాక వ్యవహారాల సభ పెట్టారు. మనకి ఓట్లు లేవని నీకు తెలుసు. హల్దా ఒక మాట చదువుతుంది, అందరూ మౌనంగా ఉంటారు, ఎవరూ లేచి కాదనకపోతే అది అందరి నిర్ణయం. మౌనం అర్ధాంగీకారం అని బయటివాళ్ళంటారు, మనకది పూర్తి అంగీకారం. హల్దా నా తేట కమిటీకి పేర్లు చదివింది. తన పేరు, ఎడ్నా పేరు, ఆ తరవాత వెండెల్ స్ట్రాటన్. చదివి ఆగింది. నా వైపు చూసిందట. నేనేమీ అనలేదట. 'సమ్మతం' అని రాసుకుంది. నేను తలెత్తేసరికి కప్పు కారుతున్న చోటు గురించి మాట్లాడుతున్నారు.

గుమ్మం దగ్గర వెండెల్ నా చేతులు రెండూ పట్టుకున్నాడు.

'నువ్వు నన్ను ఒప్పుకుంటావనుకోలేదు ఫీబీ,' అన్నాడు. 'ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ కమిటీకి పిలవలేదు.'

'దేనికి ఒప్పుకున్నాను?' అన్నాను.

చెప్పాడు. చెబుతుంటే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏ మనిషి గోల భరించలేక కమిటీ అడిగానో ఆ మనిషినే ఏరి కోరి నా ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

హల్దా కారు ఎక్కబోతుంటే పట్టుకున్నాను. 'అతని పేరెందుకు చదివావు?'

'మూడో మనిషి కావాలి. అతనికి తీరిక ఉంది. నీకిష్టం లేకపోతే అక్కడే చెప్పొచ్చు కదా. నీ వైపు చూస్తూ చాలాసేపు ఆగాను.'

'నేను వినలేదు.'

'ఎదురుగా కూర్చుని ఎందుకు వినలేదు?'

'ఏదో ఆలోచనలో ఉన్నాను.'

'ఇప్పుడైనా తీసేస్తాను. కాకపోతే ఆ మాట అతనికి నువ్వే చెప్పాలి,' అంది హల్దా, చేతి తొడుగులు వేసుకుంటూ.

నేను చెప్పలేదు. చెప్పగలిగిన మనిషినైతే కమిటీ దాకా ఎందుకొస్తాను? ఇంటికొచ్చి వంటింటి నేల కడిగాను. నిన్ననే కడిగిన నేల. వచ్చే నెల్లో కూర్చుంటున్నాం.

నీ రాక సంగతి తరవాత రాస్తాను.

ఫీబీ

డులూత్
ఏప్రిల్ 20, 1979

ఫీబీ,

నవ్వుకోవడానికి పనికొస్తుందన్నావు, వచ్చింది. కౌంటర్ దగ్గర నిలబడి గస్‌కి చదివి వినిపించాను. పక్క బల్ల మీదున్న ఓడ వంటవాడొకడు, 'అంటే అక్కడ నోరు మూసుకుని కూర్చుంటే పెళ్ళి కూడా చేసేస్తారా' అని అడిగాడు. చేసేస్తారు బాబూ, అందుకే నేను పారిపోయి వచ్చాను అన్నాను.

నవ్వడం అయ్యాక ఇంకోసారి చదివాను. తూము ఉంది, కప్పు కారడం ఉంది, హల్దా చేతి తొడుగులు కూడా ఉన్నాయి. నువ్వు ఏం ఆలోచిస్తూ నీ పక్కన పిడుగు పడ్డా వినలేదో అది మాత్రం లేదు. నువ్వేం పరాకు మనిషివి కాదు. బడిలో పాతికేళ్ళు పిల్లలకి పాఠం చెప్పినదానివి. వెనక బెంచీలో ఎవరు బఠాణీలు నములుతున్నారో బోర్డు వైపు తిరిగే చెప్పేదానివి.

ఇంకోటి కూడా అడగాలని ఉంది. నేను ఆసా సంస్మరణ మాట ఎత్తినప్పుడల్లా నువ్వు నాకు వాతావరణం చెబుతున్నావు. చలికాలంలో మంచు, ఇప్పుడు బురద. ఆ రోజు గురించి మనం ఒక్కసారైనా మాట్లాడుకోలేదు. నేను మాట్లాడాను, నువ్వు మాట్లాడలేదు.

జూన్ రెండో వారంలో బస్సు టికెట్టు కొంటున్నాను. సరేనా, కాదా? నీ మౌనాన్ని నేను సమ్మతం అనుకోను. నోటితో చెప్పాలి.

లార్నా

ప్లెజెంట్ ఫోర్క్
ఐదో నెల 20

అక్కా,

కమిటీ అయింది. హల్దా ముందు గదిలో కూర్చున్నాం, మధ్యాహ్నం. ముందు మౌనం, తరవాత ఒక ప్రశ్న, మళ్ళీ మౌనం.

'సభ మానేస్తే మొదటిరోజు పొద్దున్నపూట ఏం చేస్తావు?' అని ఎడ్నా అడిగింది.

'నిద్రపోతాను.'

'నిద్ర పడుతోందా నీకు?'

'లేదు.'

హల్దా వాళ్ళ పిల్లి వచ్చి నా బూటు వాసన చూసి పోయింది.

'మనసు నిలవాలంటున్నావు. నిలిస్తే ఎలా ఉంటుంది?' అంది హల్దా.

'చప్పుడుండదు.'

'ఎవరి చప్పుడు?'

నేను వెండెల్ వైపు చూశాను. అతను తన గోళ్ళు చూసుకుంటున్నాడు. ఆ పూట అంతవరకూ ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడొద్దని నెలల తరబడి మొక్కుకున్నదాన్ని, అడగవేం మహానుభావా అనిపించింది. ఇంకా రెండు మూడు ప్రశ్నలయ్యాయి. ఒక్కో ప్రశ్నకీ నా ఒంట్లో వేడి పెరిగిపోతోంది. చివరికి ఉండబట్టలేక అనేశాను. 'మీరు ఏదో ఒకటి చెప్పండి. ఉండమనండి, పొమ్మనండి, లేదా బుద్ధుందా అని తిట్టండి. ఈ ప్రశ్నలు నాకెందుకు?'

'అలా చెప్పకూడదు కదా ఫీబీ,' అంది ఎడ్నా, పాపం, చాలా మెత్తగా.

అప్పుడు వెండెల్ గొంతు సవరించుకున్నాడు.

'ఇది అడగొచ్చో లేదో నాకు తెలీదు,' అన్నాడు. 'మౌనంలో కూర్చున్నప్పుడు నీ పెదవులు కదులుతుంటాయి. గంటసేపూ కదులుతాయి. ఒక్కోసారి తల అడ్డంగా ఊపుతావు, కాదు కాదు అన్నట్టు. ఎవరితో మాట్లాడుతున్నావు ఫీబీ?'

కల్పిస్తున్నాడనుకున్నాను. ఎడ్నా వైపు చూస్తే ఆమె తివాచీ వైపు చూస్తోంది. హల్దా కూడా. అందరికీ తెలుసు. నేను కళ్ళు మూసుకుని మహా శాంతంగా కూర్చున్నాననుకుంటుంటే, సభ సభంతా నా పెదవులు చూస్తోందన్న మాట. సిగ్గుతో చచ్చిపోయాను.

'అందుకేనా నువ్వు లేచి తూములూ గొట్టాలూ చెప్పేది?' అన్నాను. అడగాల్సింది వాళ్ళు, నేను కాదు, అయినా అడిగాను.

'కొంత అందుకే,' అన్నాడు. 'నేను మాట్లాడడం మొదలెట్టగానే నువ్వు ఆపేస్తావు. నన్ను తిట్టుకుంటావని తెలుసు. కానీ ఆపుతావు, కాసేపు నీ మొహం మామూలుగా ఉంటుంది.'

'మిగతాది?'

'మిగతాది, నాకు మాట్లాడడం ఇష్టం.'

నేను కోటు తీసుకుని వచ్చేశాను. అతను అడిగినదానికి జవాబు చెప్పలేదు. మళ్ళీ కూర్చుందామని హల్దా చీటీ పంపింది, దానికీ చెప్పలేదు.

నువ్వు ఆరో నెల్లో రావద్దు. ఇంటికి రంగులు వేయిస్తున్నాను, ఆ ఘాటు నీకు పడదు. రూబార్బ్ జాము ఒక సీసా పంపుతున్నాను.

ఫీబీ

డులూత్
మే 29, 1979

ఫీబీ,

సీసా పగలకుండా చేరింది. మూత తియ్యలేదు.

ఏ రంగు వేయిస్తున్నావు? ఆ ఇంటికి తెలుపు తప్ప వేరే రంగుందని ఎప్పుడు తెలిసింది నీకు? నేను రేవు ఒడ్డున ఓడల రంగు వాసన పీలుస్తూ ముప్పై ఏళ్ళుగా బతుకుతున్నాను, నాకు ఘాటు పడదట. అబద్ధం ఆడడం చేతకాని ఇంట్లో పుట్టావు, ఆడకు. నవ్వొస్తుంది చూసేవాళ్ళకి.

నాకు నవ్వు రావడం లేదు. కోపంగా ఉంది. వద్దంటే వద్దని చెప్పు, ఎందుకు వద్దో చెప్పు. అంతేగానీ మొహం మీద తలుపేసి కిటికీలోంచి జాము సీసా అందించడం ఏంటి? మనింట్లో ఎప్పుడూ ఇంతే. అమ్మకి కోపం వస్తే గిన్నెలు ఇంకా మెల్లిగా పెట్టేది, గుర్తుందా? అది ఎంత మెల్లిగా పెడితే నాకంత భయం వేసేది. ఏం చేశానో చెబితే కదా, ఏడ్చి ఊరుకోవడానికి. అందుకే పళ్ళాలు విసిరే మనిషిని కట్టుకున్నాను. గస్ అరుస్తాడు, నేను అరుస్తాను, అయిపోతుంది, అన్నం తింటాం.

వెండెల్ అడిగింది నేనూ అడుగుతున్నాను. ఎవరితో మాట్లాడుతున్నావు? ఆసాతో అనుకున్నాను మొదట. కానీ ఆసాతో అయితే తల అడ్డంగా ఎందుకు ఊపుతావు? మీరిద్దరూ ఎప్పుడూ పోట్లాడుకోలేదు. నీ చుట్టుపక్కల నువ్వు కాదనాలనుకునే మనిషి ఎవరా అని వెతుక్కుంటూ వచ్చి నా దగ్గర ఆగాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నాననుకో, పరవాలేదు.

నాతోనేనా? నాతోనే అయితే నాకు చెప్పు. ఏడాదిగా నాతో పోట్లాడుతూ ఆ పోట్లాటకి నన్ను పిలవకపోవడం ఏం మర్యాదే?

లార్నా

ప్లెజెంట్ ఫోర్క్
ఆరో నెల 3

లార్నా,

నీతోనే.

ప్రతి మొదటిరోజూ వెళ్ళి కూర్చుంటాను, కళ్ళు మూస్తాను, నువ్వు లేస్తావు. ఎర్ర పూల గౌను వేసుకుని, ఆసా సంస్మరణకి వేసుకొచ్చావే, అదే గౌనుతో. కూర్చో అంటాను. కూర్చోవు. ఇది నీ చోటు కాదంటాను, వినవు. మళ్ళీ మొదట్నించీ ఆ కారు కథ చెబుతావు.

ఆ కథ నాది. నా వంటింట్లో, నేను నీకు చెప్పుకున్నది. ఆసా పాత కారు అమ్ముదామని బోర్డు పెట్టి, కొనడానికి వచ్చినవాడికి బ్రేకు ఎక్కడ పట్టదో, తలుపు ఏ వానకి కారుతుందో వరసపెట్టి చెప్పి, వాణ్ణి ఖాళీ చేతుల్తో పంపించేవాడు. మళ్ళీ ఆ కారులోనే నన్ను ఊళ్ళోకి తీసుకెళ్ళేవాడు. అది నాకు నవ్వులాట కాదు. ఎందుకు ఆ మనిషిని చేసుకున్నానో అందులో ఉంది. నువ్వు దాన్ని హోటల్లో చెప్పినట్టు చెప్పావు, చేతులు తిప్పుతూ, గొంతు మారుస్తూ. సీటు కింద ఎలుకల గూడు కూడా పెట్టావు. ఎలుకల గూడు లేదు లార్నా. ఒక్క అబద్ధం ఆడకుండా బతికిన మనిషి సంస్మరణలో ఆయన మీదే అబద్ధం ఆడావు, అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

నువ్వు ఎంతకీ ఆపలేదు. ఆపాక ఎడ్నా కళ్ళు తుడుచుకుంటోంది, వెనకెవరో ఇంకా నవ్వుతున్నారు, హల్దా పక్క మనిషికి చెయ్యి ఇచ్చింది. చేతులు కలిశాక సభ అయిపోయినట్టే, ఇక ఎవరూ లేవకూడదు. నేను లేవలేదు. ఆయన భార్యని నేను. ఆ రోజు లేచి నిలబడాల్సింది నేను. నాకు చెప్పాల్సింది ఉంది. నా చోట నువ్వు నిలబడ్డావు, నాకున్న ఒక్క గంటనీ నువ్వు తినేశావు. అప్పట్నించీ నాకు మౌనం లేదు.

నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. రాసింది కొట్టెయ్యను. రంగులు వేయించడం లేదు. నువ్వు రావడం నాకిష్టం లేదు.

ఫీబీ

డులూత్
జూన్ 12, 1979

ఫీబీ,

రాయడం, చింపడం, మళ్ళీ రాయడం. హోటల్లో నేను ఎవరి మీదా అరవడం లేదని గస్ డాక్టర్ దగ్గరికి వెళదామంటున్నాడు.

మనింట్లో ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవడం ఇదే మొదటిసారి అనుకుంటాను. నొప్పిగా ఉంది. కానీ సీసా కన్నా ఇదే నయం.

ఎలుకల గూడు నేను కల్పించిందే. తప్పు. ఇంకెప్పుడూ ఎవరికీ ఆ కథ చెప్పను, అది నీది. గౌను సంగతి కూడా ఒప్పుకుంటాను, నా దగ్గర నల్లది ఉంది, ఇస్త్రీ చేసి లేదని అది వేసుకున్నాను. మిగతాది మాత్రం ఒప్పుకోను. నీ కోపం నీదే, అలాగే నేను చూసింది నేను చూశాను.

నువ్వు ముందు బల్ల మీద కూర్చున్నావు, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఎవరూ లేవలేదు, ఎందుకంటే అందరూ నీకోసం ఆగారు. హల్దా నిన్నే చూస్తోంది. ఎడ్నా నిన్నే చూస్తోంది. నీ మెడ మీద నరం కొట్టుకుంటోంది, నాకు కనిపిస్తోంది. నువ్వు కదలవు. ఇంకాసేపు వాళ్ళంతా నిన్నలా చూస్తే ఏమైపోతావో అని భయమేసింది. వాళ్ళ కళ్ళు నీ మీద నుంచి తప్పించాలి, అంతే నాకు తెలిసింది. దానికి నా దగ్గరున్న ఉపాయం ఒక్కటే, నవ్వించడం. లేచాను. ఎక్కడ ఆపాలో తెలీలేదు, అది నిజం. నేనెప్పుడు తెలుసుకున్నాను కనక.

నీ చోటు తీసుకున్నానన్నావు. తిరిగి ఇస్తున్నాను. ఆ రోజు ఆసా గురించి ఏం చెప్పాలనుకున్నావో అది రాసి పంపు. మధ్యాహ్నం భోజనాలయ్యాక హోటల్ తలుపు మూయించి, ఫ్యాను కట్టేసి, గస్‌ని పక్కన కూర్చోబెట్టుకుని చదువుతాను. మధ్యలో మాట్లాడను. ఎంత పొడుగైనా పరవాలేదు.

టికెట్టు వాపసు ఇచ్చేశాను. నువ్వు రమ్మన్నప్పుడే వస్తాను.

లార్నా

ప్లెజెంట్ ఫోర్క్
ఏడో నెల 1

అక్కా,

నువ్వు చెప్పినట్టే కాగితం పెట్టుకుని కూర్చున్నాను. ఒక రోజు కాదు, వరసగా చాలా రోజులు, పొద్దున్నే, వంటింటి బల్ల దగ్గర. ఆసా అని రాస్తాను, ఆగిపోతాను. లేచి ఏదో ఒకటి తుడుస్తాను, మళ్ళీ వచ్చి ఆసా అని రాస్తాను. విసుగొచ్చి ఒకసారి పెన్ను గోడకేసి కొట్టాను. బావ చూసి ఉంటే మెచ్చుకునేవాడు.

చెప్పాల్సింది నా దగ్గర ఉందనీ, నువ్వు వచ్చి దానిమీద కూర్చున్నావనీ అనుకున్నాను ఇన్నాళ్ళూ. నువ్వు లేచి పక్కకి తప్పుకున్నావు. చూస్తే అక్కడేమీ లేదు. ఆ రోజు కూడా లేదు అక్కా. నువ్వు లేవకపోయినా నేను లేచేదాన్ని కాదు. అందరూ చూస్తుండగా అలాగే కూర్చునేదాన్ని, హల్దా చెయ్యి ఇచ్చేదాకా. నీమీద కోపం ఉంటే పొద్దున్న లేవడానికి నాకొక పని ఉండేది. అది పోతే ఏం చెయ్యాలో తెలీక దాన్ని పెంచుకున్నాననుకుంటాను. నీకు నేను థాంక్స్ చెప్పడం లేదు. ఆ గౌను ఇప్పటికీ నాకు నచ్చలేదు.

ఇవాళ సభకి వెళ్ళాను. కమిటీ మళ్ళీ కూర్చోనక్కర్లేదు, నేను సభ మానడం లేదు అని హల్దాకి చెప్పాను. ఆమె సరేనంది.

కూర్చుని కళ్ళు మూశాను. నువ్వు రాలేదు. కాసేపు నీకోసం చూశాను కూడా. ఎవరూ రాలేదు. కిటికీలోంచి కోసిన గడ్డి వాసన వస్తోంది. లోపల చాలా చోటుంది. ఇదేనా నేను ఏడాదిగా అడుగుతున్నది అనుకున్నాను. సుఖంగా ఉంటుందనుకున్నాను, అంత సుఖంగా ఏమీ లేదు. కానీ శుభ్రంగా ఉంది, ఊపిరి ఆడుతోంది.

ఆసా ఎప్పుడూ సభకి ఆలస్యంగానే వచ్చేవాడు. నన్ను గుమ్మం దగ్గర దింపి, ముసలివాళ్ళు నడవక్కర్లేకుండా కారు దూరంగా పెట్టి, బూట్లకి అంటిన మట్టి గీకి గీకి వచ్చేవాడు. అప్పటికి నేను కళ్ళు మూసుకుని ఉండేదాన్ని. కళ్ళు తెరవకుండానే పక్కకి జరిగి చోటిచ్చేదాన్ని. పెళ్ళైనప్పట్నించీ ప్రతి వారం అదే. ఈ ఏడాదంతా నేను జరగనే లేదు. నీతో పోట్లాటలో తీరిక దొరకలేదు.

ఇవాళ జరిగాను. అలవాటుగా, ఏమీ అనుకోకుండా, పక్కకి జరిగి చోటిచ్చాను. ఎవరూ వచ్చి కూర్చోలేదు.

ఆసా లేడక్కా. నాకు ఇవాళే తెలిసింది.

బయల్దేరి రా.

ఫీబీ